ఇంట్లో మిగిలిన కాళ్ళు

లూ తాతను తలుపు చెక్క మీద పడుకోబెట్టారు. ముఖాన ఇంకా గుడ్డయినా కప్పలేదు. ఒక సర్కారు సిపాయి వాకిట్లోకి వచ్చాడు. వంగి దణ్ణం పెట్టాడు. శవం కాళ్ళకున్న కొత్త జోళ్ళు లాగేశాడు.

నాన్‌గౌ ఊరంతా చూస్తూనే ఉంది. ఊరంటే ఎంతని! ఆడాళ్ళు, నడవలేని ముసలాళ్ళు, నడక రాని పసివాళ్ళు. నడిచే మగాళ్ళందరినీ జొన్నకోత అవ్వగానే ఆ సర్కారు సైన్యమే ఒకే తాడుకి కట్టి, సంతకి గొడ్లను తోలినట్టు తోలుకుపోయింది. కొండల్లో ఉన్న ఎర్రదండు మీద యుద్ధం చెయ్యాలట. అన్నదమ్ముల కొట్లాటకి మా మగాళ్ళెందుకని అడిగిన బడిపంతుల్ని కూడా ఆ తాడు చివరనే కట్టారు.

జోళ్ళు లాగిన సిపాయికి మీసం కూడా సరిగా రాలేదు. కాళ్ళకు గడ్డి చుట్టుకుని పైన గోనె పీలికలు కట్టుకున్నాడు. పీలికలు నెత్తురు గడ్డకట్టి నల్లబడ్డాయి.

మొగుడి తల దగ్గర ఏడుస్తున్న లూ అవ్వ ఏడుపు ఆపింది.

"ఒరే నాయనా, అవి పడుకునేవాడి జోళ్ళురా. నడిచేవాడివి కావు. అడుగుకి రెండే పొరల గుడ్డ వేశా. వాగు దాటేలోగా విచ్చిపోతాయి."

"వాగు దాకా అయినా వస్తాయిగా అవ్వా," అన్నాడు వాడు. ముక్కు చీదుకుని, జోళ్ళు చంకలో పెట్టుకుని పోయాడు.

ఆ వాకిట్లో ఉన్నవాళ్ళలో మైసుయ్ ఒకతి. పెళ్ళింట్లోనే కాదు, చావింట్లోనూ నవ్వించే నోరు ఆవిడది. ఊరిపెద్ద ఛియావ్ తోలు టోపీ ఆయన గాడిదకే పెట్టి సంతంతా తిప్పింది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు, ఛియావ్‌కి తప్ప. అలాంటి నోరు ఆ రోజు పెగల్లేదు. సిపాయి పాదాలే కళ్ళల్లో మెదులుతున్నాయి. తన కొడుకు షిత్సున్ కూడా ఆ తాడు మీదే పోయాడు. వాడివి గంపెడు పాదాలు. వాడికో జత కుట్టాలంటే ఇంట్లో పాత గుడ్డ ఒక్కటి మిగిలేది కాదు. ఇప్పుడు ఆ పాదాలకి ఏం చుట్టుకున్నాడో, అసలు చుట్టుకోడానికి గడ్డయినా దొరికిందో లేదో.

మర్నాడు ఊరి మధ్య, గాడిదలు తిప్పే పెద్ద తిరగలి రాయి దగ్గర గంట కొట్టారు. ఛియావ్ వచ్చాడు. పక్కనే కంచరగాడిద మీద, సైన్యానికి గుడ్డా గింజా సమకూర్చే సప్లై ఆఫీసరు.

"ఇంటికి నాలుగు జతలు గుడ్డ జోళ్ళు. నెలాఖరుకల్లా," అన్నాడు ఛియావ్. "గుడ్డలు మీవే. కుట్టుకి నార మీదే. జిగురుకి పిండి మీదే."

"మరి తమరిదేంది?" అంది మైసుయ్.

"కొరడా."

"సరే, ఎవరి కాలికండీ?"

ఈసారి ఆవిడ వేళాకోళం ఆడలేదు. మా వైపు ఏ ఆడదానికీ కాలు తెలియకుండా జోడు కుట్టడం చేతకాదు. ఇంట్లో ప్రతి మనిషి పాదాన్నీ కాగితం మీద పెట్టించి, చుట్టూ గీసి, ఆ కాగితం కత్తిరించి గోడ సందులో దాచుకుంటుంది. ఎవడి బొటనవేలు పొడుగో, ఎవడు మడమ అరగదీస్తాడో ఆ కాగితానికి తెలుసు. ఊరికే జోడు కుట్టమంటే, పేరు లేని మనిషికి అన్నం వడ్డించమన్నట్టే ఉంటుంది ఆవిడకి.

"సైన్యం కాలికి," అన్నాడు ఆఫీసరు.

"సైన్యం కాలు ఎంతుంటదండీ? ఒకసారి కాగితం మీద పెట్టి గీసిమ్మనండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు మొహం కందిపోయింది. "ఇంట్లో కాళ్ళు లేవా మీకు? ఇంట్లో ఉన్న కాళ్ళు చూసి కుట్టండి! ఇది కూడా నేనే చెప్పాలా ఈ మందకి?" అని కంచరగాడిదని అదిలించాడు.

చలికాలం మా ఆడాళ్ళు నేలలో తవ్విన గోతిగదిలో కూర్చుని పని చేసుకుంటారు. పైన జొన్నదంట్ల కప్పు, కప్పుకో కంత. ఆ కంత కింద వెలుతురు కోసం రోజూ తగువే. ఆ పొద్దున జిగురు కాచారు. తినడానికి దాచుకున్న పిండే అది. పాత గుడ్డల్ని పొర మీద పొర అతుకుతుంటే పిల్లలు గిన్నె చుట్టూ చేరి వేళ్ళు నాకుతున్నారు.

"నేను గట్టివే కుడతా," అంది షింగ్. ఎండాకాలం పెళ్ళయిన పిల్ల. ఆ పిల్ల మొగుడు కూడా, షిత్సున్ వెనకే అదే తాడు మీద పోయాడు. "ఎవరేమన్నా అనుకోండి. మా ఆయన ఆ సైన్యంలోనే ఉన్నాడు. నేను కుట్టింది ఆయనకి అందకపోతే పక్కోడికి అందుతుంది. పక్కోడి పెళ్ళాం కుట్టింది ఆయనకి అందుతుంది."

మైసుయ్ తల వంచుకుంది. షింగ్ చెప్పింది తన మనసులో మాటే. గోడ సందులోంచి కొడుకు కాగితం తీసి, ఎవరికీ చెప్పకుండా ఒక జత అప్పటికే కుట్టేసింది. ఆ కుప్పలో పడేస్తే ఎట్టాగో వాడి కాళ్ళు వెతుక్కుంటూ పోతాయని ఆశ.

"ఆ జోళ్ళు తొడుక్కునేగదే వచ్చి మన గింజలు ఊడ్చుకుపోయేది," అంది ఒకావిడ. "జోళ్ళుంటే ఇంకో పది ఊళ్ళకి తాళ్ళేసుకుని పోతారు. లేకపోతే కదల్లేరు."

"కదల్లేక నా మొగుడు మంచులో చస్తేనో?"

"కదిలితే తుపాకీకి చస్తాడు."

షింగ్ ఏడ్చింది. ఇద్దరూ అన్నది నిజమే.

మూల కూర్చుని పొగగొట్టం పీలుస్తున్న లూ అవ్వ అప్పుడు నోరు తెరిచింది.

"ఎందుకే కొట్టుకు చస్తారు? కోతలప్పుడు మన చేత కుట్టించుకుపోయిన జోళ్ళు గుర్తున్నాయా? ముసలోడికి మందు తేవడానికి పట్నం పోయానా, ఛియావ్ బావమరిది తన కొట్టు ముందర వాటినే దండలు గుచ్చి వేలాడదీశాడు. అమ్మకానికి."

"మనవేనని ఎట్టా చెప్తావు అవ్వా?"

"నా కుట్టు నాకు తెలీదటే? మడమ కింద బియ్యపుగింజల్లాగా ఉంటది. పక్కనే మైసుయ్ కుట్టు, తాగినోడి నడకలాగా వంకర టింకర."

గోతిగది గొల్లున నవ్వింది. మైసుయ్ కూడా నవ్వింది. నవ్వు సగంలో షింగ్ అడిగింది: "మరి సైన్యానికేం ఇచ్చారు?"

"సైన్యానికి నా మొగుడి జోళ్ళు," అంది లూ అవ్వ.

ఇక ఎవరూ నవ్వలేదు. జిగురు గిన్నె గీరుతున్న పిల్లల వేళ్ళ చప్పుడే వినపడింది. మైసుయ్ మనసులో లెక్క వేసుకుంది. గట్టిగా కుడితే బావమరిది కొట్టుకి పోతాయి. కుట్టకపోతే కొరడా. ఏం చేసినా షిత్సున్ పాదాల దాకా తన చెయ్యి పోదు.

ఊరికే చూస్తూ కూర్చుంది. ఎదురుగా లూ అవ్వ కాలు చాపుకుని ఉంది. ఆడదానికి చిన్న కాలే అందమని చిన్నప్పుడే వేళ్ళు విరిచి, గుడ్డలు బిగించి కట్టి, అరచేతిలో పట్టేంత చేసిన కాలు. ఆ గదిలో నడివయసు దాటిన ప్రతి ఆడదానివీ అట్టాంటి కాళ్ళే. ఏ కొట్టువాడు దండలు గుచ్చి వేలాడదీసినా ఏ మగాడూ కొనని కొలత.

"అవ్వా," అంది మైసుయ్ మెల్లగా. "ఆఫీసరు ఏమన్నాడు? ఇంట్లో ఉన్న కాళ్ళు చూసి కుట్టమన్నాడు గదా?"

"అన్నాడు."

"ఇంట్లో ఎవరి కాళ్ళున్నాయి?"

ముందు లూ అవ్వకి అర్థమయింది. పొగగొట్టం జారిపడేదాకా నవ్వింది. మొగుడు పోయాక అదే మొదటి నవ్వు.

"చంపుతారే తల్లీ," అంది ఒకావిడ.

"పోయినసారి మంచివే కుట్టాంగా. మన మగాళ్ళని వదిలారా?"

"మరి మా ఆయన?" అంది షింగ్.

మైసుయ్ ఆ పిల్ల పక్కకి జరిగింది. "కాలి కాగితం ఉందా నీ దగ్గర?" అని అడిగింది. షింగ్ తలాడించింది. "జాగ్రత్తగా దాచు. మన చేతిలో ఉన్నది అదొక్కటే."

అందరికన్నా ఆఖర్న సూది తీసింది షింగ్.

నెలాఖరున తిరగలి రాయి ముందు గంపలు పెట్టారు. ఆఫీసరు మూత తీశాడు. ఒక జోడు పైకెత్తాడు. మంచి పనితనం. నారకుట్టు చిక్కగా ఉంది, అడుగు ఇటుకలాగా ఉంది. దాంట్లో చెయ్యి పెట్టి చూశాడు. మూడు వేళ్ళు దూరాయి.

"ఏంటివి?"

"జోళ్ళండీ," అంది లూ అవ్వ.

"ఎవడి కాలికి?"

లూ అవ్వ కాలెత్తి తిరగలి రాయి మీద పెట్టింది. "దీనికి. ఇంట్లో ఉన్న కాళ్ళు చూసి కుట్టమన్నది తమరేగా. మగాళ్ళ కాళ్ళన్నీ తమరు తోలుకుపోయారు. ఇక మా ఇళ్ళల్లో మిగిలినవి ఇవే."

పక్కావిడ కూడా కాలు పెట్టింది. ఆ పక్కావిడ కూడా. రాయి చుట్టూ చిన్న చిన్న కాళ్ళు వరసగా చేరాయి. ఎప్పుడూ ఎవరికీ చూపించని కాళ్ళు, పెరట్లో తలుపేసుకుని కడుక్కునే కాళ్ళు. కావలి ఉన్న సిపాయిల్లో ఒకడు పళ్ళు బిగించి నవ్వు ఆపుకున్నాడు.

ఆఫీసరు కొరడా ఆ కాళ్ళ మీదే పడింది. లూ అవ్వ వెల్లకిలా పడిపోయింది. అతని కుడిచేతిలో కొరడా ఉంది. ఎడమచేతి మూడు వేళ్ళకీ ఆ బుల్లి జోడు ఇంకా బిగిసిపోయే ఉంది. విదిలిస్తున్నాడు, రావడం లేదు. విదిలిస్తూ కొడుతున్నాడు. కొడుతూ విదిలిస్తున్నాడు.

మైసుయ్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, వల్లకాలేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎందుకే నవ్వుతున్నావు?"

"తమరి చేతికి బాగా కుదిరిందండీ," అంది. ఇక ఎట్టాగూ నోరు తెరిచింది కాబట్టి సిపాయిల వైపు తిరిగి అరిచింది: "నాయన్లారా, మీ జోళ్ళు మేం ఎప్పుడో కుట్టిచ్చాం! పట్నంలో ఛియావ్ బావమరిది కొట్లో వేలాడుతున్నాయి. పోయి డబ్బులిచ్చి కొనుక్కోండి!"

ఆఫీసరు ఛియావ్ వైపు చూశాడు. ఛియావ్ ఆఫీసరు వైపు చూశాడు. ఇద్దరూ ఒకేసారి చూపులు పక్కకి తిప్పుకున్నారు. ఆ చూపుల్ని సిపాయిలంతా చూశారు. చూసి, తలలు వంచుకుని, తమ గడ్డికాళ్ళు చూసుకున్నారు.

"కట్టండి దాన్ని!"

కట్టారు. ఆడాళ్ళంతా మీదపడి తాడు పట్టుకున్నారు. తుపాకీ మడమలతో వేళ్ళ మీద కొడితే ఒక్కొక్కరే వదిలారు. ఆఖర్న వదిలింది షింగ్. ఆ పిల్ల ఇక చాన్నాళ్ళు సూది పట్టలేదు. సిపాయిలు ఇళ్ళల్లో దూరి పిండి జాడీలు పగలగొట్టారు, బొంతలు ఎత్తుకుపోయారు. మంచులో పడ్డ చిన్న జోళ్ళని గాడిదలు తొక్కుకుంటూ పోయాయి. అంతే. ఊరు చెయ్యగలిగింది ఆ సాయంత్రానికి అయిపోయింది.

పట్నం దారిలో ఆఫీసరు ముందు పోతున్నాడు. మైసుయ్ తాడు పట్టుకున్నది ఆ మీసం రాని సిపాయే. వాగు ఒడ్డుకి వచ్చారు.

"ఇక్కడి దాకా వచ్చాయా నాయనా, తాత జోళ్ళు?"

"వాగు మధ్యలో పోయాయమ్మా," అన్నాడు వాడు.

"మా షిత్సున్ నీకేమైనా తెలుసా? గంపెడు పాదాలు. నవ్వితే పక్కపన్ను కనపడతది."

"ఏం చెప్పనమ్మా. మా దళంలో ఎవడికీ సొంత పేరు లేదు. లెక్క తగ్గకూడదని పారిపోయినోడి పేరు నాకు పెట్టారు. నేను చస్తే ఇంకోడికి పెడతారు. నువ్వు పేరు పెట్టి పిలిచినా నీ కొడుకు పలకడు, కొడతారని."

మైసుయ్ నడిచింది. తన కాళ్ళూ గుడ్డలు కట్టి చిన్నవి చేసినవే. మంచులో ఒక్కో అడుగూ సూదిలా దిగుతోంది. ఆఖరికి అంది, "నా నడుం దగ్గర మూట ఉంది. చేతులు కట్టేశారుగా, నువ్వే తీసుకో."

వాడు తీశాడు. మందమైన అడుగుతో, వంకర టింకర కుట్టుతో కొత్త జత.

"ఇవి ఎవరికి కుట్టావమ్మా?"

"తొడుక్కోరా. చలి."

వాడు ఆఫీసరు వీపు వైపు ఒకసారి చూసి గబగబా తొడుక్కున్నాడు. వాడికి చాలా పొడుగయ్యాయి. ముందు కాస్త గడ్డి కుక్కుకున్నాడు. రెండడుగులు వేసి ఏడ్చాడు. మైసుయ్ వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోయినా చెవులకి తెలుస్తోంది. అడుగు షిత్సున్‌దే, నడక షిత్సున్‌ది కాదు.

తర్వాతి ఊరు షాంగ్‌వా. అక్కడ బావి దగ్గర ఆఫీసరు కంచరగాడిద ఆపి, ఊరి వాళ్ళని పిలిపించి అదే మాట అరిచాడు. ఇంటికి నాలుగు జతలు. గుడ్డలు మీవే, నార మీదే.

ఒక గుమ్మంలో, చంకన బిడ్డతో, చేతులకి పిండితో ఒకావిడ నిలబడి ఉంది. మైసుయ్ ఆవిడని ఎప్పుడూ చూళ్ళేదు.

"అట్టాగేనండీ," అంది ఆవిడ. "ఎవరి కాలికి?"

ఆఫీసరు కొరడా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అతను మైసుయ్ వైపు తిరిగి చూశాడు, ఇది ఎప్పుడు నేర్పావన్నట్టు. ఎవరూ నేర్పలేదు. మా వైపు సూది పట్టిన ఏ ఆడదైనా ముందు అడిగేది అదే.

"ఏమన్నావ్?"

"తప్పేముందండీ," అంది పక్క గుమ్మంలోంచి ఇంకో గొంతు. "కాలు తెలియకుండా ఎట్టా కుడతాం? ఎవరి కాలికి?"

"అవును, ఎవరి కాలికి?" అంది బావి గట్టు మీదున్న ముసలావిడ.

ఆడాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. తాడుకి కట్టిన ఆడమనిషిని చూశారు. మంచులో ఆవిడ చిన్న కాళ్ళని చూశారు. తర్వాత సిపాయిల కాళ్ళు చూశారు. ఒక్కో కాలూ చూసుకుంటూ వచ్చారు, గడ్డి, గోనె, నెత్తురు. అందరిలోకీ ఒక్కడికే కొత్త జోళ్ళున్నాయి.

"దాన్ని లాక్కురా ఇటు!" అని ఆ ఒక్కడి మీద అరిచాడు ఆఫీసరు, బిడ్డ ఉన్న ఆవిడని చూపించి.

వాడు కిందకి చూశాడు. జోళ్ళు చూసుకున్నాడు. భయానికో, చలికో, ఇంకెందుకో, కాలు ఎత్తలేదు.

ఆఫీసరు మళ్ళీ అరిచాడు. వీధి చివర గుమ్మంలోంచి, ఏం జరుగుతోందో కనపడక ఎవరో గట్టిగా అడిగారు: "ఏందంటా? ఎవరి కాలికంటా?"

చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, పొట్ట పట్టుకోడానికి లేదు. మైసుయ్ నిలబడే నవ్వింది.