ఐదు మీటర్ల లోపల

టాల్‌గర్రా ఫుట్‌బాల్ క్లబ్బులో ఓ గోడ నిండా తెల్లబోర్డు ఉంది. దాని మీద అయస్కాంతపు బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో ఆటగాడి పేరు. సెప్టెంబర్‌లో సీజన్ అయిపోయిందంటే ఆ బిళ్ళలు కదలడం మొదలవుతుంది. బోర్డు నడుమ గీసిన నల్లగీతకు పైన నిలిచినవాడు వచ్చే ఏడాదికి జట్టులో ఉన్నట్టు, కిందికి దిగినవాడు ఇంకో క్లబ్బు వెతుక్కోవాల్సినట్టు. పైన ముప్పై ఎనిమిది మందికే చోటు. ఆ ఊళ్ళో ఇంట్లో పెళ్ళి పెట్టుకుని కూడా ఈ గీత సంగతి ఆరా తీసే మహానుభావులున్నారు.

ఆ మంగళవారం సాయంత్రం బోర్డు ముందు ముగ్గురు కూర్చున్నారు. ఒకరు కోచ్ డెర్మాట్ క్వేల్, బరువైన మనిషి, నోట్లోంచి మాట రావడమే గగనం. ఇంకొకరు రాస్ విక్కరీ, ఎవరిని ఉంచాలో ఎవరిని తీసెయ్యాలో చూసే బాధ్యత అతనిది. కోచ్ వాడని మాటలన్నీ అతనే వాడేస్తాడు. మూడో మనిషి గ్లెనిస్ ట్రాంటర్. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైంది. తొమ్మిది సీజన్లుగా స్టాండులో అదే కుర్చీలో కూర్చుని, ఎవరికి బంతి ఎన్నిసార్లు అందింది, ఎవరు గోల్ కొట్టారు, ఎవరి తప్పుకి అంపైర్ ఈల వేశాడు, అన్నీ పెన్సిల్‌తో గీతలు గీసి లెక్క కడుతుంది. విక్కరీతో సహా క్లబ్బులో సగంమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి అందరికీ ఆమె టీచరమ్మే. తన లెక్క తప్పిందని ఇన్నేళ్ళలో ఒక్కడూ అనలేదన్న గర్వం ఆమెకు కొంచెం ఉంది. కొంచెమేమిటి, బాగానే ఉంది.

ముప్పై ఏడు బిళ్ళలు పైకెక్కాయి. ఇంకొక్క చోటుంది. దానికి మిగిలినవాళ్ళు ఇద్దరు. కోరీ టల్లక్‌కి ముప్పై ఏళ్ళు, పైపుల పనిచేస్తాడు, పదకొండు సీజన్లుగా ఇక్కడే ఆడుతున్నాడు. జీక్ బాలంటైన్‌కి పంతొమ్మిది, తాటిచెట్టంత పొడవు, ఆడింది రెండే ఆటలు.

విక్కరీ కాగితం ఎత్తి చదివాడు. "కోరీకి ఆటకి ఆరుసార్లు బంతి అందింది. ఏడాది మొత్తానికి నాలుగు గోల్స్. ఈల వేయించుకున్న తప్పులు పద్నాలుగు, క్లబ్బులో ఇదే రికార్డు. ఇంకేం మాట్లాడతాం? టీచరమ్మ లెక్కే చెప్తోంది." అని కోరీ బిళ్ళ మీద వేలు పెట్టాడు.

టీచరమ్మ లెక్క అనేసరికి గ్లెనిస్ ఆ అంకెను మళ్ళీ చూసింది. పద్నాలుగు. ఆటకి ఆరుసార్లే బంతి ముట్టుకునేవాడు, అందరికన్నా ఎక్కువ తప్పులెలా చేశాడు? బంతి దగ్గర లేనివాడికి ఈల పడే సందెక్కడిది?

"ఆగు రాస్. ఆ పద్నాలుగూ ఏం తప్పులు?"

"తప్పు తప్పే కదా టీచరమ్మా."

"తప్పుల్లో రకాలుంటాయి నాయనా. నీ పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, నాకు తెలీదా?"

డెర్మాట్ టీ కప్పు వెనక నవ్వాడు. ఆమె తన పుస్తకం తిరగేసింది. పద్నాలుగులో పదమూడు ఒకటే రకం. అక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తోనూ పట్టుకోవచ్చు. తోటివాడి చేతిలో బంతి ఉన్నప్పుడు, వాడికీ వాడి మీదికి దూకేవాడికీ మధ్యలో అడ్డు నిలబడటం ఈ ఆటలో ఉంది. దాన్ని అక్కడివాళ్ళు గొర్రెలకాపరి పని అంటారు. బంతికి ఐదు మీటర్ల లోపల చేస్తే అది ఆట, అవతల చేస్తే తప్పు. ఆమె కాగితంలో అవతల చేసిన కాపరి పనికి గడి ఉంది. లోపల చేసినదానికి లేదు.

అంటే ఆ మనిషి చేసిన పనిలో చెడిపోయింది మాత్రమే తను రాసింది. చెడిపోనిది ఎంత? ఆమెకు తెలీదు. తెలియని అంకె ఒకటి కళ్ళముందు ఉంటే గ్లెనిస్‌కి అన్నం సహించదు.

"ఆదివారం దాకా ఆ బిళ్ళ ముట్టుకోకండి," అంది. ఆదివారం ఆటగాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి, పది నిమిషాలు కూర్చుని, తమ సంగతేమిటో తెలుసుకుని పోయే రోజు.

క్లబ్బు పెద్ద కెమెరాతో ఏం లాభం? అది కూడా ఆమె కన్నులాగే బంతి వెంటే పరుగెడుతుంది. కోరీ అందులో కనబడితే గొప్ప. కానీ గోలుపోస్టుల వెనక స్తంభానికి ఇంకో చిన్న కెమెరా ఉంది. మైదానమంతా పడి మనుషులు చిన్నగా కనబడతారు గనుక దాన్నెవరూ పట్టించుకోరు. గ్లెనిస్ ఆ వీడియోలన్నీ అడిగి తెచ్చుకుని బుధవారం నుంచి వంటింటి బల్ల దగ్గర బైఠాయించింది.

మొదటిరోజు వల్లకాలేదు. ఎంత వద్దనుకున్నా కళ్ళు బంతి దగ్గరికే పోతాయి. విసుగొచ్చి, టీ కప్పు కింద పెట్టే అట్టముక్క తీసి, బంతి ఎటుపోతే అటు తెర మీద జరుపుతూ దాన్ని కప్పేసి చూడసాగింది.

"ఏం చూస్తున్నావు?" అన్నాడు ఆమె భర్త ఐవర్.

"బంతి లేనిచోటు."

"బంతి లేనిచోట ఏముంటుందే?"

"అదే చూస్తున్నా."

ఉంది. కోరీ బంతిని చూడడు. బంతి ఉన్నవాడి మీదికి ఎవడు రాబోతున్నాడో వాణ్ణి చూస్తాడు. రెండడుగులు వేసి, నడుము పక్కకు తిప్పి నిలబడతాడు. వచ్చినవాడు కోరీకి కొట్టుకుని పడతాడు, ఒక్కోసారి ఇద్దరూ పడతారు. ఆ సందులో, జట్టులో గోల్స్ కొట్టే బ్రోడీ సాబో నింపాదిగా గురిచూసి గోల్ కొడతాడు. అందరూ పరుగెత్తి బ్రోడీని వాటేసుకుంటారు. కోరీ లేచి మోకాళ్ళకంటిన బురద దులుపుకుని తన చోటికి తను నడిచిపోతాడు. ఈ ఆటలో ఇదే, మరో ఆటలో ఇదే. వానలో ఇదే, ఎండలో ఇదే.

శనివారం మధ్యాహ్నానికి కోరీ ఆడిన పదిహేను ఆటలూ అయ్యాయి. గీతలన్నీ కూడితే రెండువందల పదకొండు. ఆ పదిహేను ఆటల్లో బ్రోడీ గోల్స్ నలభై ఒకటి. కోరీ మోకాలు వాచి ఇంట్లో కూర్చున్న మూడు ఆటల్లో బ్రోడీ కొట్టింది ఒక్కటంటే ఒక్కటి.

ఆమెకు సిగ్గేసింది. తొమ్మిదేళ్ళు కళ్ళెదుట జరుగుతుంటే చూడలేదు.

"లెక్క తప్పాను ఐవర్," అంది.

"నువ్వా? కూడికలోనా?"

"కూడిక బాగానే ఉంది. ఏది లెక్కపెట్టాలో అక్కడే తప్పాను."

ఆదివారం విక్కరీ ఆ కాగితాన్ని శ్రద్ధగానే చదివాడు. చెడ్డవాడేం కాదు. "బాగుంది టీచరమ్మా. కానీ ఇది పోయిన ఏడాది కథ. వాడి మోకాలు లెక్కపెట్టారా? చేసిన మేలుకి దండ వేసి భోజనం పెడదాం. చోటు కుర్రాడికిద్దాం." మోకాలికి ఆమె కాగితంలో గడి లేదు.

ఇంతలో కోరీ వచ్చాడు. చేతిలో బజారు సంచి, అందులో మడతపెట్టిన క్లబ్బు జెర్సీ.

"నాకు తెలుసులెండి. ఉతికే తెచ్చా," అని బల్ల మీద పెట్టాడు.

విక్కరీ చెయ్యి సంచివైపు పోయింది. "చెయ్యి తియ్యి రాస్," అంది గ్లెనిస్. "కోరీ, జులైలో వానలో ఆడిన ఆట గుర్తుందా? మూడో క్వార్టర్‌లో బంతి నీ కాళ్ళదగ్గరే దొర్లుతోంది. నువ్వు తీసుకోకుండా బ్రోడీకి వదిలేసి, వాడి మీదికొచ్చే ఆ ఎర్రజుట్టువాడికి అడ్డంపడ్డావు. ఎందుకురా?"

కోరీ కాపీ కొడుతూ దొరికినవాడిలా చూశాడు. "మీరు చూశారా అది?"

"ఇప్పుడు చూశాను."

"బ్రోడీ కాలు నా కాలికన్నా మంచిది కదండీ. అంతే."

"ఏడాదిలో ఎన్నిసార్లు చేశావు?"

"అవన్నీ ఎవరు లెక్కపెడతారు టీచరమ్మా?"

"రెండువందల పదకొండు."

కోరీ నవ్వబోయి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నా పరీక్షలో మీరెప్పుడూ ఇన్ని మార్కులు వెయ్యలేదు," అన్నాడు మెల్లగా.

అప్పుడు అతను బోర్డు చూశాడు. గీత కింద పక్కపక్కనే తన పేరూ జీక్ పేరూ.

"ఒక్క చోటేనా?"

డెర్మాట్ తలాడించాడు.

"అయితే జీక్‌నే ఉంచండి కోచ్. వాడికి చెవులున్నాయి. ఓసారి చెప్తే చాలు, వింటాడు. మిగతావాళ్ళు బంతిని తప్ప దేన్నీ చూడరు. నా మోకాలు ఇంకెంతకాలమని ఆడుతుంది?"

"చూశారా! మనిషే ఒప్పుకున్నాడు," అన్నాడు విక్కరీ బల్ల చరిచి.

గ్లెనిస్ పెన్సిల్ అందుకుంది. ఏం చెయ్యాలో తోచక, చేతికి అలవాటైన పని చేసింది. కాగితం మీద ఇంకో గీత గీసింది.

"అదేంటి?" అన్నాడు డెర్మాట్.

"రెండువందల పన్నెండు. మళ్ళీ చేశాడు, నీ కళ్ళముందే."

డెర్మాట్ ఆ గీతను చూసి లేచాడు. "జీక్ ఇల్లెక్కడ?"

"పాల ఫ్యాక్టరీ వెనక వీధి," అన్నాడు కోరీ.

"ఎంత దూరముంటుంది?"

"కిలోమీటరున్నర ఉంటుందేమో. ఎందుకు కోచ్?"

"అంత దూరంలో ఉన్నవాడికి అడ్డు నిలబడ్డావు, ఐదు మీటర్లు దాటిందిరా. తప్పు." డెర్మాట్ కోరీ బిళ్ళను గీత పైకి జరిపాడు. "పదిహేనోది. రాసుకోండి టీచరమ్మా. మోకాలి సంగతి మార్చిలో, సీజన్ మొదలయ్యే ముందు చూద్దాం. ఈ పని నేర్పేవాడు నాకు ఇంకొకడు లేడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గీత కింద జీక్ బిళ్ళ ఒక్కటే మిగిలింది. కోరీ దానివైపే చూస్తున్నాడు.

"వాడికి ఎవరు చెప్తారు?"

"నా పనే కదా, ఫోన్ చేస్తాను," అన్నాడు విక్కరీ, నీరసంగా.

"ఫోన్లో వద్దు, నేనూ వస్తా. తలుపు తియ్యగానే ముందు నామీద అరవనివ్వండి, తర్వాత మీతో మాట్లాడతాడు. వచ్చే సెప్టెంబర్‌కి ఈ చోటు నేనే ఖాళీచేస్తానని చెప్తా. అందాకా వారంవారం వాడికి ఈ పని నేను నేర్పుతా." అంటూనే కోరీ గుమ్మం దాటాడు. సంచి బల్ల మీదే ఉండిపోయింది.

కోచ్ తప్పన్నాడు కాబట్టి, గ్లెనిస్ రబ్బరుతో రెండువందల పన్నెండో గీత చెరిపేసి, తప్పుల గడిలో పదిహేను వేసింది. అక్కడికి లెక్క సరిపోయింది. తల ఎత్తితే కిటికీలోంచి కోరీ కనబడ్డాడు. కారెక్కకుండా, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ పాల ఫ్యాక్టరీవైపు నడుస్తున్నాడు.

ఆమె పెన్సిల్ తీసుకుని చెరిపిన చోటే మళ్ళీ గీత గీసింది. దూరం అడగలేదు.