అడుగు మట్టి

బావిని పూడ్చాలని నేను అనుకున్న వారమే మా ఊరికి ఈత పిచ్చి పట్టింది. తప్పు ఎవరిదో ముందే చెబుతాను. తనూజది.

ఆ పిల్లది కర్నూలు. కాలేజీలో పాఠాలు చెబుతుంది. మనుషులు మళ్లీ మట్టికీ నీళ్లకూ దగ్గర కావాలని, తాతల నాటి పనులు నేర్చుకోవాలని ఆమె పట్టుదల. సెలవుల్లో మా ఊళ్లో గది తీసుకుంది. మొదట కట్టెకు కట్టె రాపాడించి నిప్పు పుట్టించడం నేర్పబోయింది. పొద్దంతా రాపాడించి చేతులు బొబ్బలెక్కించుకుంది. చివరికి ట్రాక్టర్ నాగరాజ్ జాలిపడి తన లైటర్ ఇచ్చాడు. తర్వాత మోదుగాకులతో విస్తళ్లు కుట్టించింది. మేకలు తినిపోయాయి. అయినా మొహం ముడుచుకోలేదు. నాకు అదే ఒళ్లుమంట.

నాది మోట బావి. బేతంచెర్ల చుట్టుపక్కల బావుల్లాగే బండ తొలిచి తవ్వింది. బోరు పడ్డాక దాని మొహం ఎవరూ చూడలేదు, నా భార్య మహాదేవి తప్ప. కాపురానికి వచ్చిన నాటి నుంచి దాంట్లో ఈదేది. ఆమె పోయి మూడేళ్లు. ఈ ఏడు వానలకు బావి పై మెట్ల దాకా నిండింది. నిండి ఎవరిని ఉద్ధరించాలి? నాగరాజ్‌ను పిలిచాను. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోస్తే వచ్చే తెల్ల బురదను అతను తోలుతుంటాడు. ఎక్కడ పారబోయాలా అని ఊళ్ల వెంట తిరుగుతుంటాడు. నా బావిలో పొయ్యమన్నాను.

ఆ మాట మా వదిన లక్ష్మక్క చెవిన పడింది. మహాదేవికి సొంత అక్క. వయసు అరవై దాటింది, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగింది. తనూజను వెంటేసుకుని నా గడప ముందుకు వచ్చింది. వెనకాల సగం ఊరు.

"ఏందప్పా ఓబులేసా, బావి పూడుస్తాండావంట?"

"నా బావి. నా ఇష్టం."

"నువ్వు తవ్వినావా? మీ తాత తవ్వె."

"పోయి ఆయన్నే అడుక్కో."

తనూజ ముందుకొచ్చింది. "తాతా, ఈ ఊళ్లో పిల్లలకు ఈత రాదు. పెద్దవాళ్లు మర్చిపోయారు. ఈ బావి ఉంటే అందరం నేర్చుకోవచ్చు."

"నేను నీకు తాతను కాను."

"సరే, పెదనాయనా."

"అదీ కాను."

వదిన పకపకా నవ్వింది. ఆమె వెనక ఊరు నవ్వింది. నాకు మండింది.

"ఈత నేర్చుకుంటారంట! ఈ ఊళ్లో ఎవరైనా సరే, ఆదివారం నాటికి అడుగు మట్టి తెచ్చి చూపించండి. పూడిస్తే నా పేరు ఓబులేసు కాదు. తేకపోతే మధ్యాన్నానికి నాగరాజ్ బండి దింపుతాడు."

మునిగి, బావి అడుగున ఉండే మట్టిని పిడికెడు పట్టుకొచ్చి చూపాలి. మా చిన్నప్పటి పరీక్ష అది. మట్టి తేనివాడు ఎన్ని పల్టీలు కొట్టినా ఈతగాడి కింద లెక్కకు రాడు. బావిలో మూడు నిలువుల నీళ్లున్నాయి. పడుచువాళ్లకు ఈత రాదు, ఈత వచ్చినవాళ్లకు ఊపిరి చాలదు. అన్నీ ఆలోచించే అన్నాను.

మర్నాడే మొదలైంది గోల.

పాతకాలంలో లాగా ఎండిన సొరబుర్రలు కట్టుకుని నేర్చుకోవాలంది తనూజ. ఊరంతా గాలిస్తే ఒకే ఒక్క బుర్ర దొరికింది. మిగతావాళ్లు ఖాళీ నూనె క్యాన్లు తెచ్చారు. ప్లాస్టిక్ వద్దంటే వద్దని ఆ పిల్ల మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"మా అవ్వ కాలంలో క్యాన్లు ఉండింటే మా అవ్వ క్యానే కట్టుకునుండేది. దిగు!" అని వదిన ఆమెను నీళ్లలోకి తోసింది.

కర్నూలు ఈత కొలనులో చేప లాంటిదట ఆ పిల్ల. ఇక్కడ తేలగానే కేక పెట్టింది. "కింద ఏమీ లేదు! కాళ్లకు ఏమీ తగల్లేదు!"

"కాళ్లకు తగిలితే అది బావెట్లయితాది, నీళ్ల గాబయితాది!" అంది వదిన. అని తనూ దూకింది. నీళ్లు ఎగిరి నా పంచె మీద పడ్డాయి.

ఉన్న ఒక్క బుర్రనూ నాగరాజ్ దక్కించుకున్నాడు. బుర్రను వీపు మీద, భుజాల దగ్గర కట్టుకోవాలి. అతను నడుముకు కట్టుకున్నాడు. దూకగానే అది పిర్రల మీదికి జారింది. తల కిందికి పోయింది, పిర్రలు పైకి తేలాయి. కాళ్లు తపతపా కొట్టుకుంటుంటే బావిలో గిరగిరా తిరిగాడు. జనం మెట్ల మీద కూలబడి కడుపులు పట్టుకున్నారు. వదినా తనూజా ఈదుకుంటూ పోయి అతన్ని తిరగేశారు. ఒక పుక్కిలి నీళ్లు ఉమ్మి, "శానా తియ్యగుండాయప్పా నీళ్లు!" అన్నాడు.

నేను గట్టు మీద కాపలాకు కూర్చున్నాను. నవ్వలేదు. దగ్గు వచ్చింది, అంతే.

పొద్దున ఆడవాళ్లకు, సాయంత్రం మగవాళ్లకు అని తనూజ వంతులు పెట్టింది. రెండు రోజులకే వంతులు నీళ్లలో కలిసిపోయాయి. అంగడివాడు అంగడి మూసి వచ్చాడు. చీర కుచ్చిళ్లు దోపుకున్న అవ్వలు గట్టు మీంచి దబీదబీమని పడుతుంటే గోడల్లోని పావురాలు ఊరు విడిచి పోయాయి. ఏ ఇంటి ముందు చూసినా తడి బట్టలే. ఊరి మొత్తానికీ మోకాళ్లు దోక్కుపోయాయి. ఒక్కరూ ఏడవలేదు. ఇదేం ఊరు?

ఆదివారం నాగరాజ్ ట్రాక్టర్ తెచ్చి గట్టున నిలిపాడు. ట్రాలీ నిండా తెల్ల బురద. ఇంజను ఆపలేదు. తల మాత్రం తడిగా ఉంది.

"నువ్వు కూడా ఈదొచ్చినావా?" అన్నాను.

"బండి తోలేది కూలికప్పా. ఈదేది నా సొంతం."

ఒకరి తర్వాత ఒకరు మునిగారు. ఒకరి తర్వాత ఒకరు వట్టి చేతులతో తేలారు. తనూజ సగం దాకా పోయి, చెవులు గుయ్యిమంటున్నాయని తిరిగొచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. నాగరాజ్ నా వైపు చూశాడు. నేను చెయ్యెత్తబోయాను.

"ఉండప్పా, నేనుండా" అంది వదిన. కొంగు బిగించి, గట్టు మీంచి నీళ్ల మీదికి పొడుచుకొచ్చిన మోట బండ ఎక్కి, ముక్కు పట్టుకుని దూకింది.

బుడగలు వచ్చాయి. కాసేపటికి ఆగిపోయాయి. వదిన రాలేదు.

నీళ్లు నిశ్చలమయ్యాయి. ఇంకా రాలేదు. ట్రాక్టర్ ఒక్కటే వాగుతోంది.

"వదినా!" అన్నాను. మహాదేవిని కూడా అంత గట్టిగా పిలిచి ఎరగను. చెప్పులతోనే దూకేశాను.

పైన పచ్చన, కింద నలుపు. చెవుల్లో మేకులు దిగాయి. చేతులతో తడుముకుంటూ పోయాను. మెత్తగా, చల్లగా అడుగు తగిలింది. అటూ ఇటూ దేవాను. మనిషి తగల్లేదు. ఊపిరి అయిపోయింది. కాళ్లతో అడుగును తన్ని పైకొచ్చాను.

మోట బండ కింద గోడలో ఒక గూడుంది. గట్టు మీది వాళ్లకు కనబడదు. వదిన ఆ గూట్లో మెడ లోతు నీళ్లలో కూర్చుని రొప్పుతోంది.

"యాడ సచ్చినావే?" అన్నాను. వదినను 'వే' పెట్టి తిట్టడం అదే మొదలు.

"సగానికే ఊపిరి అయిపోయెనప్పా. ఈ పక్క తేలి ఊపిరి తీసుకుంటాంటి. నువ్వెందుకు దూకినావు?" అంది. తర్వాత ఆమె చూపు నా చేతి మీద పడింది. "ఆ పిడికిట్లో ఏముండాది?"

"ఏమీ లేదు."

వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి.

"ఇప్పు."

"ఇప్పను."

తనూజ ఈదుకుంటూ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. చెయ్యి నిండా అడుగు మట్టి. మనిషి కోసం దేవుతూ ఎప్పుడు పిడికిలి బిగించానో నాకే తెలియదు.

"ఎవరైనా సరే అంటివి కదప్పా!" అని వదిన అరిచిన అరుపుకు బండలు మోగాయి. ఊరు ఊరంతా బట్టలతోనే బావిలో పడింది. వదిన నా మీద నీళ్లు చల్లింది. నేనూ చల్లాను. కళ్లలో పడాలనే చల్లాను. నాగరాజ్ ఇంజను ఆపి, బుర్ర కట్టుకుని దూకాడు. మళ్లీ నడుముకే. ఈసారి అతన్ని తిరగెయ్యాల్సిన పని నా మీద పడింది.

మాట మాటే. బావి పూడ్చలేదు. వదిన మీద కోపమూ పోలేదు.

నా టైరు చెప్పుల్లో ఒకటి అడుగున ఉండిపోయింది. అది తెచ్చి ఇచ్చేదాకా ఊరు వదిలి పోవడానికి లేదని తనూజకు చెప్పాను. రోజూ మునుగుతుంది. మట్టి తెస్తుంది. చెప్పు తేదు.