ఆఖరి వరుసలో మధ్య సీటు

అత్తయ్య బీపీ మాత్రలు, ఆయన ఇస్త్రీ చొక్కాలు, దారిలో తినడానికి చపాతీలు అన్నీ సర్దేసరికి అమీర్‌పేటలో మా వీధి మొదట్లో క్యాబ్ హారన్ కొడుతోంది. నా చీరలు రెండూ మా అమ్మాయి ఫెయిత్ బ్యాగులో ఓ మూల కుక్కాను. ఢిల్లీలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళి. నాకది మొదటి విమాన ప్రయాణం.

పంజాగుట్టలో ఓ ఆసుపత్రిలో నర్సును నేను. టికెట్లు తీసిన రోజు డ్యూటీ మధ్యలో టీ తాగుతూ ఫోనులో నా సీటు నేనే ఎంచుకున్నాను. కిటికీ పక్కది. కూర ఏం వండాలో, సెలవు ఎప్పుడు పెట్టాలో, ఏదైనా ఇంకొకళ్ళని బట్టి నిర్ణయించుకోవడమే అలవాటైన నాకు, ఆ చిన్న గడిలో నా పేరు కనబడగానే ఎంత సంబరంగా అనిపించిందో! టీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఎయిర్‌పోర్టు కౌంటర్లో అమ్మాయి, విమానం మారిందనీ, దాంతో సీట్లూ మారాయనీ చెప్పింది. ముగ్గురికి ముందు ఒకేచోట, ఒకరికి ఆఖరి వరుసలో మధ్య సీటు.

“వెనక్కి ఎవరు వెళ్తారు సర్?” అని మావారిని అడిగింది.

జెరెమియా నా వైపు చూడనైనా లేదు. “మా ఆవిడ వెళ్తుందిలెండి. తను సర్దుకుంటుంది.”

“మా మణికి అలవాటేనమ్మా,” అన్నారు అత్తయ్య, మెచ్చుకోలుగానే. నేను నోరు తెరిచేలోపు బోర్డింగ్ పాసులు చేతికొచ్చేశాయి.

ఆ సీటు వెనక్కి వాలదు. ముందున్న ట్రే ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. వెనకే టాయిలెట్. తలుపు తీసినప్పుడల్లా వాసన, క్యూలో నిలబడ్డవాళ్ళ మాటలన్నీ నెత్తిమీదే. ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి ట్రే చూపించబోతే, “ఫ్లైట్ ఫుల్ మేడమ్, కొంచెం అడ్జస్ట్ అవ్వండి,” అని నా మాట పూర్తి కాకుండానే వెళ్ళిపోయింది.

కాసేపటికి ఫెయిత్ వచ్చింది. “మమ్మీ, నానమ్మ టాబ్లెట్ ఎక్కడ పెట్టావ్? డాడీ చపాతీలు అడుగుతున్నారు.”

“నల్ల బ్యాగు పై జేబులో. కిటికీ దగ్గర ఎవరు కూర్చున్నారే?”

“డాడీ. బోర్ కొడుతోందంట.”

నా పక్కన కిటికీ దగ్గర, విమానం ఎగిరినప్పటినుంచీ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్న పెద్దావిడ ఒక కన్ను తెరిచింది.

“నీ మనుషులు ముందట గూసున్నరా బిడ్డా?”

“అవునండీ.”

“మరి నిన్నొక్కదాన్నే గిక్కడికెందుకు తోలిండ్రు?”

“నేను సర్దుకుంటాను కదండీ, అందుకని,” నవ్వేశాను.

“గా మాట నువ్వన్నవా, వాళ్ళన్నరా?”

నవ్వు ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో చాప వేసుకున్న రోజులు, ఫెయిత్ పరీక్షలని నేను వదులుకున్న హెడ్ నర్సు పోస్టు, పండగ వచ్చిందంటే నాకే పడే నైట్ డ్యూటీలు, వరసగా గుర్తొచ్చాయి. మణి సర్దుకుంటుంది. సిస్టర్ అడ్జస్ట్ అవుతారు. ప్రతిసారీ అది పొగడ్త అనుకుని లోపల దాచుకున్నాను. వెతికి చూసుకుంటే ఆ మాట ఒక్కసారీ ముందుగా నా నోటినుంచి వచ్చింది కాదు.

బెల్లు నొక్కాను. ఎయిర్‌హోస్టెస్ మళ్ళీ వచ్చింది. నేను ఎంచుకున్న సీటు నాకు ఇవ్వలేదని, కౌంటర్లో మావారిని అడిగి ఇక్కడ వేశారని చెప్పాను.

“మరి మీ హస్బెండ్ ఓకే అన్నారు కదా మేడమ్?”

“ఆయన అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. ఇది ఎవరికి చెప్పాలి?”

ఆ అమ్మాయి వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో చెప్పింది. సీటు మాత్రం మారలేదు.

పెద్దావిడ బెల్టు విప్పేసింది. “లే, నువ్వు గీ దిక్కు గూసో. నాకు కిందికి జూస్తే కండ్లు తిరుగుతున్నయ్.”

అలా మబ్బులు చూశాను. ఆవిడ పేరు రుద్రమ్మ, ఇల్లు పంజాగుట్ట మార్కెట్ వెనకాల. రోజూ మా ఆసుపత్రి గేటు ముందునుంచే కూరగాయలకు వెళ్తారట. “గింత దగ్గరుండి మొగులు మీద కలిసినం జూడు!” అంటూ డబ్బా తెరిచి సకినాలు నా చేతిలో పెట్టారు. “తిను. మస్తు అలిసిపోయినట్టున్నవ్.” నేను ఒకళ్ళకి పెట్టకుండా, నాకు ఒకళ్ళు పెట్టగా తిని ఎన్నాళ్ళయిందో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రభువా, నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టనందుకు నీకు స్తోత్రం అనుకున్నాను, మనస్ఫూర్తిగానే.

విమానం కుదుపుల్లో పడ్డప్పుడు, “జర పట్టుకో బిడ్డా,” అని ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు. దిగేదాకా ఇద్దరం వదల్లేదు.

పెళ్ళి హడావుడిలోనే ఓ మూల కూర్చుని ఫిర్యాదు పెట్టాను. తిరిగొచ్చిన ఆదివారం, చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకు కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. టికెట్లు ఆయన నంబరు మీద తీశాం కాబట్టి ఆయన ఫోనే మోగింది. అన్నం కలుపుతూ స్పీకర్ నొక్కారు.

“ఎయిర్‌లైన్స్ నుంచి సర్. యేసుమణి గారి సీటు విషయంలో కలిగిన అసౌకర్యానికి...”

“అబ్బే, పర్లేదమ్మా. మేం సర్దుకున్నాం. పెట్టేయండి,” అన్నారాయన నవ్వుతూ.

గరిటె గిన్నెలో పెట్టి, ఫోను నా వైపు లాక్కున్నాను.

“పెట్టేయకండి. ఆ సీట్లో కూర్చున్నది మావారు కాదు, నేను. ఏం జరిగిందో నేను చెప్తాను, వినండి.”