లాయరు కూర్చున్న కుర్చీ

"మీ కేసు చివరిదాకా నేనే చూస్తానమ్మా. ఈ ఇంట్లోంచి మిమ్మల్ని కదిలించేవాడు ఇంకా పుట్టలేదు."

కుట్టుమిషను పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టీ తాగి మరీ అమ్మతో అన్నాడు పెద్ద లాయరు. ఏడాది తిరక్కుండానే ఆయన సంస్థ, వాళ్ళని ఖాళీ చేయించాలని చూస్తున్న ఇంటి ఓనరు తరఫున వకాల్తా పుచ్చుకుంది.

ఆ రోజు నుంచీ కుర్చీ నడుస్తోంది. కాస్త ఏమరితే చాలు, మెట్లు దిగి ఆ సంస్థ ఆఫీసు దారి పట్టేది. "మీ కుర్చీ సందు చివరిదాకా వెళ్ళింది, చూసుకోండి!" అని ఎదురింటావిడ కేకేసేది. అమ్మ వెళ్ళి తెచ్చి, గుడ్డపీలికతో కిటికీ ఊచకు కట్టేసి, మళ్ళీ మిషను ముందు కూర్చునేది.

అబ్బాయిది లా చివరి సంవత్సరం. నోరు తెరిస్తే "న్యాయం భిక్ష కాదు, హక్కు" అంటాడని సందంతా అతణ్ణి నినాదం అని పిలుస్తుంది. అలాంటివాడు ఇవాళ ఆ సంస్థవాళ్ళే పెట్టిన పరిచయ సమావేశానికి దరఖాస్తు రాస్తున్నాడు. అక్కడ పెద్దల కంట్లో పడ్డవాళ్ళకే ఉద్యోగాలు. గడువు ఈ సాయంత్రంతో సరి. ఎందుకు రావాలనుకుంటున్నారో క్లుప్తంగా రాయాలట. ఫోను పట్టుకుని కూర్చునే చోటు వెతికాడు.

ఇంట్లో ఖాళీగా ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. కట్టు విప్పి కూర్చున్నాడు.

'మీ సంస్థ విలువలే నాకు ఆదర్శం' అని రాశాడు. కుర్చీ అతణ్ణి మోసుకుని గుమ్మం వైపు కదిలింది. చెరిపేశాడు. కుర్చీ ఆగింది.

'న్యాయం భిక్ష కాదు' అని మొదలుపెట్టాడు. మళ్ళీ కదిలింది.

అక్క పకపకా నవ్వింది. "ఒరేయ్, నీ నినాదాలూ దానికి ఎక్కలేదురా! అవి నువ్వు అరువు తెచ్చుకున్నవని దానికీ తెలిసిపోయింది."

"నువ్వు ఊరుకోవే అక్కా! టైమైపోతోంది ఇక్కడ."

"ఏదో ఒకటి రాసి పంపరా నాన్నా," అంది అమ్మ మిషను ఆపకుండా. "ఇల్లు ఎలాగూ నిలిచేలా లేదు. నీకు ఆ ఉద్యోగం వస్తే ఇంకో ఇల్లు చూసుకుందాం."

కుర్చీ ముందుకాళ్ళు అప్పటికే గడప మీదున్నాయి. అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, జరిగింది జరిగినట్టు రాయసాగాడు. కుర్చీ మెల్లగా వెనక్కి జరిగింది. నాలుగు కాళ్ళూ నేలకి ఆనించి నిలబడింది.

అక్క అతని భుజం మీంచి వంగి పైకి చదివింది. ఆమె నవ్వు ఆగిపోయింది. మిషను కూడా ఆగింది.

"ఇది పంపితే ఉద్యోగం ఇస్తారా?" అంది అమ్మ.

"ఇవ్వరమ్మా."

అమ్మ దారం కొరికి తెంపింది. "ఆయన మన టీ తాగాడని కూడా రాయి."

రాశాడు. పంపాడు. ఆ దరఖాస్తు చివర ఇలా ఉంది:

'సమావేశంలో నాకు సీటు కేటాయించనక్కర్లేదు. మీ లాయరుగారు మా ఇంట్లో టీ తాగి మాటిచ్చిన కుర్చీనే తెచ్చుకుంటాను. దానికి మీ దారి తెలుసు. ఓనరు వకాల్తా వదులుకుంటారా, లేదా? సమావేశం ఇరవయ్యో తేదీన. పందొమ్మిదో తేదీ సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి.'