మూడో పేరాకి ఆమెన్

సంఘ పెద్ద రాసిన చర్చి చరిత్రను వార్షికోత్సవం నాడు చదివే పని సంఘంలోని ఒక పిల్ల మీద పడింది. నలుగురిలో నోరు మెదపదు గానీ, స్పష్టంగా చదువుతుందని పేరు. ఆ చర్చిలో ఒక అలవాటుంది. చరిత్రలో ఒక్కో పేరా ముగియగానే అందరూ ఆమెన్ అనాలి.

ముందురోజు సాయంత్రం నానమ్మ చిక్కుళ్లు ఒలుస్తుంటే, పక్కన నిలబడి పైకి చదివి చూసుకుంది.

“మొదటి పాస్టరుగారు పునాదిరాయి వేశారు.”

“ఆమెన్,” అంది నానమ్మ, చిక్కుళ్ల మీంచి చూపు తిప్పకుండానే. రెండో పేరాకీ అంతే. తర్వాత మూడోది. 

“మొదటి రోజు నుంచీ ఇక్కడ అందరూ బల్లల మీద సమానంగా కూర్చుని ఆరాధించారు.”

“ఆమెన్.”

పిల్లకి ఒళ్లు మండింది. కాగితం గట్టు మీద విసిరికొట్టింది. “ఆ మాట నువ్వెలా అంటావే? నిన్ను తలుపు దగ్గర గచ్చు మీద కూర్చోబెట్టలేదూ?”

“అలవాటు కొద్దీ వచ్చేసిందే.”

“బల్లెక్కితే చెయ్యి పట్టి దింపేశారని నువ్వే చెప్పావుగా!”

నానమ్మ వేళ్లు ఆగాయి. “దింపాడు, ఈ సంఘ పెద్ద తండ్రే. ఆ గోడలకి ఇటుకలు మోసింది మా అమ్మ. మాకు మాత్రం గచ్చు. ఇప్పుడు ముందు బల్ల మీదే కూర్చుంటున్నాంగా, పోనీలే.”

“పోనివ్వను.”

విసవిసా చర్చికి వెళ్లింది. సంఘ పెద్ద బల్లలకు వార్నిష్ వేయిస్తున్నాడు. విషయం చెబితే, ఆయన నవ్వాడు.

“పదిమంది వచ్చే రోజు పాత పుండు గోకడమెందుకు తల్లీ? మీ నానమ్మకి లేని బాధ నీకెందుకు? రాసింది రాసినట్టు చదువు.”

పిల్లకి అనాల్సినవన్నీ తిరిగొచ్చే దారిలో గుర్తొచ్చాయి. ఇంటిదాకా పళ్లు నూరుకుంటూనే నడిచింది.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. పిల్ల స్టాండును గట్టిగా పట్టుకుంది. మొదటి పేరా, ఆమెన్. రెండోది, ఆమెన్. మూడోదాని దగ్గర కాగితం మీంచి తలెత్తింది.

“ఇటుకలు మోసినవాళ్లను బల్లలెక్కనివ్వలేదు. తలుపు దగ్గర గచ్చు మీద కూర్చోబెట్టారు. బల్లెక్కిన మా నానమ్మను చెయ్యి పట్టి దింపేశారు.”

“ఆమెన్,” అన్నారు అందరూ, ఎప్పటిలాగే ఒక్క గొంతుతో.

ఒక్కరూ వినలేదు! పట్టుకున్న స్టాండును వదిలేసింది. అవే మాటలు మళ్లీ చదివింది, ఒక్కోటీ మేకు దిగ్గొట్టినట్టు. ఈసారి ఎవరి నోరూ లేవలేదు.

సంఘ పెద్ద లేచాడు. “ఎవరు చూశారమ్మా అదంతా? తర్వాతి పేరా చదువు.”

ముందు బల్ల మీంచి నానమ్మ లేచింది. అందరి మధ్య నుంచీ తలుపు దాకా నడిచి, గోడ పట్టుకుని మెల్లగా గచ్చు మీద కూర్చుంది.

“ఇక్కడే నాయనా,” అంది. “దింపింది మీ నాన్నే.”

పిల్ల కాగితాన్ని బోర్లించింది.

“ఆమెన్ అనండి,” అంది సంఘ పెద్దనే చూస్తూ. “అప్పుడు చదువుతాను.”