దేవ్లి టోప్లీలు

హైదరాబాదు దవాఖాన నుంచి బాన్సువాడ బస్సుల వస్తున్న దేవ్లికి కిటికీ బయటి నీళ్లమళ్లు మెల్లగ కలలోకి జారినయి. కలల గా నీళ్లల్ల నడుస్తుంటే కాళ్లు తడుస్తలేవు. చెంపల పక్క జుట్టుకు కట్టిన వెండి టోప్లీలు గలగలమంటున్నయి. కన్ను తెరిస్తే ఆమె తల ఫూల్‌సింగ్ భుజం మీదుంది. పెండ్లాం నిద్ర చెదురుతదని ఆయన కదలకుండ కూసున్నడు.

ఆమె అండాశయంల పుట్టిన క్యాన్సర్ గడ్డ నిరుడు మందుకు కరిగి, మల్ల తలెత్తింది. ఈసారి గదే మందు ఎక్కిస్తే చెవిటోని ముందర శంఖమూదినట్టే అయ్యింది.

"ఇంకో మందు తోడిచ్చి చూద్దాం తల్లీ. దానితో గడ్డ మెత్తబడితే పాత మందు మళ్లీ పనిచేయొచ్చు. ఖాయమని చెప్పలేను. పాతదానికి రాలలేదు గానీ, దీనికి జుట్టు మొత్తం రాలుతుంది" అన్నది బస్సెక్కేముందు డాక్టరమ్మ.

దేవ్లి వద్దన్నది.

"నాటుకు ముందు మడికి నీళ్లు పెట్టి కలుపు మొలిపిస్తం గద. మొలిచినంకనే దున్నితే చస్తది. డాక్టరమ్మ చెప్పేది గసొంటిదే" అన్నడు ఫూల్‌సింగ్ బస్సు దిగినంక. "జుట్టు పోతే పోనియ్. గుమ్మడికాయ లెక్కున్నా నా పెండ్లానివే."

ఆమె పైటను టోప్లీల మీదికి లాక్కున్నది. తన భయం పాపం, ఎట్ల చెప్తది? తండాల పెండ్లైన ఆడదాని జుట్టుకు వేలాడే వెండి టోప్లీలు మొగడు పోయిన్నాడే తీస్తరు. జుట్టే లేకపోతే అవి యాడ నిలుస్తయి? మొగడు బతికుండంగ తీసుడంటే ఆయన చావును ఇంటికి పిలుసుడే. అడకత్తెరల పోకచెక్కయ్యింది ఆమె బతుకు.

తెల్లారి పగటేళ ఇంట్ల మంచంల ఒరిగితే మల్ల గదే కల. జుట్టు నీళ్లల్ల కొట్టుకపోతుంది, టోప్లీలు మునుగుతున్నయి. అవతలి గట్టు మీద ఫూల్‌సింగ్ వెనక్కి చూడకుండ పోతుండు. లేచేసరికి చెంపలు తడి, రెండు టోప్లీలు పిడికిళ్లల్ల.

"ఏందే దేవ్లీ?"

"ఇవి తీస్తే నీకేమన్నయితది" అని బోరున ఏడ్చింది.

ఫూల్‌సింగ్ నవ్వలే. పెట్టెల నుంచి సూది దారం తీసిండు. అద్దాల కుట్టుపనిల ఆమెది తిరిగిన చెయ్యి, కానీ పాత మందుకు వేళ్లు మొద్దుబారి సూది పట్టు చిక్కుతలేదు. ఆయన పుట్టి బుద్ధెరిగి సూది పట్టలే.

ఒక టోప్లీని జుట్టులనే ఉంచి, రెండోదాన్ని విప్పి ఆమె పైట అంచుకు కుట్టిండు. పైట ఆమె తల మీద కప్పినంకనే మిగిలిన దాన్ని ముట్టిండు. ఒక్క గడియ కూడ ఆమె చెంప ఉత్తగ లేదు.

"సూది నాగలి కాదు, మెల్లగ" అన్నది దేవ్లి కండ్లు తుడుసుకుంట.

ఆయన దారం కొరకబోతుంటే చెయ్యి పట్టి ఆపింది.

"ఇంకో కుట్టెయ్యి. నా జుట్టు మల్ల వచ్చేదాక ఊడొద్దు."