ఆఖరి ముడి

"ఇంత లేసు మంచానికా, కిటికీకా?" అని అడిగారు మా అత్తగారు మహాలక్ష్మమ్మగారు.

"దేనికీ కాదు మామ్మగారూ, చూడ్డానికి," అంది దుర్గాశ్రీ. హైదరాబాదు నుంచి నరసాపురం వచ్చిన చిత్రకారిణి. బొమ్మలు గీయడం మానేసి, వస్తువుల్ని పైకప్పుకు వేలాడదీయడం మొదలుపెట్టిందట.

అత్తగారికి అనుమానం అప్పుడే మొదలైంది. ఎందుకూ పనికిరాని దానికోసం అంతదూరం ఎవరైనా వస్తారా?

"దాని పక్కన నా పేరు రాస్తావా?"

యాభై ఏళ్ళుగా ఆవిడ అల్లిన లేసులన్నీ కంపెనీ పేరు తగిలించుకుని ఓడలెక్కాయి. దుర్గాశ్రీ "తప్పకుండా" అంది. మరీ త్వరగా అన్నట్టు నాకూ అనిపించింది.

దుర్గాశ్రీ మా ఇంట్లోనే దిగింది. అత్తగారు నెల్లాళ్ళు అల్లారు. డిగ్రీ చదివినదాన్ని, నాకు మాత్రం రాదా అని, ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు నేనూ ఒక పువ్వు అల్లి మూలన కలిపేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

ఇచ్చేరోజు అంచున పోగు వేలాడుతోంది.

"ముడి వెయ్యలేదేంటండీ?" అన్నాను.

"మాట నిలబడ్డాక వేస్తాను. నువ్వు ఊరుకో."

రాజమండ్రిలో ప్రదర్శన పెట్టారు. లేసు పైకప్పు నుంచి నేలదాకా దిగి ఉంది. పక్కన అట్టముక్క మీద, "అజ్ఞాత స్త్రీల చేతులు. కళాకారిణి: దుర్గాశ్రీ."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"అజ్ఞాతనా? నెల్లాళ్ళు మనింట్లో పెసరట్లు తిన్నప్పుడు నా పేరు తెలిసిందిగా?"

పోగు పట్టుకుని లాగారు. అంచు వరస జలజలా ఊడసాగింది. జనం మూగారు. "ఇదీ ప్రదర్శనలో భాగమేనండీ," అని ఒక పెద్దమనిషి భార్యకు వివరించాడు.

దుర్గాశ్రీ పరుగున వచ్చింది. "అయ్యో, ఆపండి మామ్మగారూ! అజ్ఞాత అంటే ఆడవాళ్ళందరి తరఫునా అని నా ఉద్దేశం."

"అందరి సంగతీ అందర్నీ అడుగు. నేను మహాలక్ష్మమ్మని."

ఇంకో జానెడు ఊడింది. దుర్గాశ్రీ పెన్ను తీసింది.

అట్టముక్క మీద తన పేరులో చివరి అక్షరం పడేదాకా అత్తగారు పోగు వదల్లేదు. ఆ తర్వాత సంచిలోంచి అల్లికసూది తీసి, ఊడిందంతా నిలబడే అల్లి, ముడి వేశారు. చప్పట్లు కొట్టినవాళ్ళ వైపు కూడా అనుమానంగానే చూశారు.

"ఇంకోటి రాయమ్మాయ్. ఆ మూలనున్న వంకర పువ్వు నాది కాదు, మా కోడలిది."

దుర్గాశ్రీ పెన్నుతో నావైపు తిరిగింది. "మీ పేరేంటండీ?"

"దానికి మాత్రం అజ్ఞాత స్త్రీ అనే ఉంచమ్మా," అన్నాను.